ఎర్రవాగు పెట్టెలో ఐదో నంబరు

2022 జూన్. టెలికాం శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరై అప్పటికి మూడేళ్లయింది. ఖమ్మంలో ఇంటిపట్టున ఉంటున్న నన్ను ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ వాళ్లు పిలిచారు. భద్రాచలం దాటాక అడవిలో, పక్క రాష్ట్రపు సరిహద్దుకు దగ్గరగా, వాగుల మీద నీటిమట్టం కొలిచే యంత్రాలు పెడుతున్నారు. వాటిలోని మోడెమ్‌లకు నెట్‌వర్క్ సెట్టింగులు చేయాలి. డిసెంబరు దాకా కాంట్రాక్టు. ఆ ఏడాది డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

యంత్రం పెద్దదేం కాదు. గట్టు మీద ఒక ఇనుప స్తంభం, దాని నుంచి వాగు మీదికి చాచిన చెయ్యి, ఆ చేతి చివర నీటి ఎత్తును పసిగట్టే సెన్సరు. స్తంభానికి తాళం వేసిన పెట్టె. అందులో బ్యాటరీ, మోడెమ్, ఒక సిమ్ కార్డు. పైన సోలార్ పలక. పావుగంటకోసారి మట్టం లెక్క ఆ సిమ్ ద్వారా బూర్గంపాడులోని ఆఫీసు కంప్యూటరుకు చేరాలి. అందుకు మోడెమ్‌లో ముందుగా ఏపీఎన్ నింపాలి. సిమ్ నుంచి బయల్దేరిన సమాచారం ఏ వాకిట్లోంచి బయటికి పోవాలో చెప్పే పేరు అది. మీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉండి కూడా ఇంటర్నెట్ రాకపోతే, చాలాసార్లు ఆ గడి ఖాళీగానో తప్పుగానో ఉంటుంది.

ఎర్రవాగు దగ్గర అప్పటిదాకా మట్టం చూసే మనిషి సోమయ్య. వాగు పక్క కోయగూడెంలోనే పుట్టాడు. నా ఈడువాడు. గట్టు వెంట మెట్లుగా పాతిన కొలత స్తంభాల మీద నీళ్లు ఎంతదాకా వచ్చాయో చూసి, రిజిస్టర్లో రాసుకుని, సిగ్నల్ కోసం వెనక గుట్ట ఎక్కి, పొద్దున ఆరింటికి ఆఫీసుకు ఫోన్‌లో చెప్పేవాడు. పంతొమ్మిదేళ్లుగా అదే పని. కింద కొంత దూరంలో వాగు దాటే చప్టా ఉంది. మట్టం రెండున్నర మీటర్లు దాటిందని సోమయ్య చెబితే దాని మీద రాకపోకలు ఆపేవారు.

నేను పెట్టె బిగిస్తుంటే పక్కన గొంతుకూర్చుని చూశాడు.

"మబ్బు పడితే దీనికి తిండి ఏంది సారు?"

"బ్యాటరీలో దాచుకుంటుంది. నాలుగు రోజులు ఎండ లేకున్నా నడుస్తుంది."

"నయం. నాకైతే పొద్దుగాల గంజి లేకుంటే గుట్ట ఎక్కబుద్ధి గాదు."

నెల రోజుల పాటు యంత్రమూ మనిషీ ఇద్దరూ మట్టం చెప్పాలని, లెక్కలు కలిస్తే ఇక మనిషి అక్కర్లేదని ఆఫీసు నిర్ణయం. ఆ మాట అతనికి చెప్పే పని నా మీదే పడింది. సోమయ్య వాగు వైపు చూశాడు.

"మరి పొద్దుగాల ఆరింటికి నేనేం జేయాలె సారు?"

ఉపాధి గురించి అడుగుతున్నాడనుకున్నాను. కంపెనీలో అడిగి చూస్తానన్నాను.

మొదటి వారం అంతా బాగానే నడిచింది. తర్వాత కొన్ని రోజుల్లో తెల్లవారుజాము నుంచి ఎనిమిది దాకా లెక్కలు రావడం మానేశాయి. ఎనిమిది తర్వాత మళ్లీ మామూలే. రెండుసార్లు వెళ్లి చూశాను. నేను చేరేసరికి పదకొండు దాటేది, అన్నీ సరిగ్గా ఉండేవి. ఏపీఎన్ సరే, సిగ్నల్ సరే, బ్యాటరీ సరే. ఇక మిగిలింది ఒకటే అనిపించింది. ఆ వేళకు పెట్టె దగ్గర ఉండేది సోమయ్య ఒక్కడే. యంత్రం పనికిరాదని తేలితే లాభపడేదీ అతనొక్కడే. ఆ రోజు డైరీలో రాసుకున్నాను: "సోమయ్య మీద ఓ కన్నేసి ఉంచాలి."

భద్రాచలంలో బస చేసి, తెల్లారకముందే బండి మాట్లాడుకుని వెళ్లాను. సోమయ్య అప్పటికే గట్టు మీద ఉన్నాడు. నన్ను చూడలేదు. భుజం మీది తువ్వాల తీసి సోలార్ పలక మీది వాన తడి తుడిచాడు. స్తంభానికి అల్లుకుంటున్న తీగను తెంపి పారేశాడు. తర్వాత గట్టు దిగి, మోకాళ్ల మీద వంగి మట్టం చూసి, దోసెడు నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నాడు. పెట్టె తాళాన్ని ముట్టుకోలేదు.

నేను పిలిస్తే ఉలిక్కిపడ్డాడు. "గింత జల్దీ వచ్చిండ్రేంది సారు?"

లెక్కలు సరిచూసుకుందామన్నాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఒళ్లో నా డైరీ, పక్కన అతని రిజిస్టరు. రోజుకొక వరుస, తేదీ, మట్టం, వాన ఉంటే చుక్క. కొన్ని వరుసల చివర మాత్రం చిన్న ముక్కోణం గీసి ఉంది.

"ఇదేంటి సోమయ్యా?"

"గుట్ట మీద ఫోన్ తీస్తే కొన్ని దినాలు గిట్ల మూలకు ఓ గుర్తు వస్తది సారు. ఎనిమిది దాటినంక పోతది. కండ్లకు ఏది అగపడితే అది రాయమన్నరు గద మొదట్ల. రాసిన."

ముక్కోణాలున్న తేదీలను నా డైరీతో పోల్చి చూశాను. ఒక్కటి కూడా తేడా లేదు.

అది రోమింగ్ గుర్తు. అంటే ఫోను సొంత ప్రాంతపు టవరు వదిలి పక్క ప్రాంతపు టవరును పట్టుకుందని అర్థం. రాత్రి కరెంటు పోయిన రోజుల్లో మన వైపు టవరు బ్యాటరీ తెల్లవారేసరికి అయిపోతోంది. అప్పటినుంచి ఎనిమిదింటికి కరెంటు వచ్చేదాకా మోడెమ్ సరిహద్దు అవతలి టవరును పట్టుకుంటోంది. పట్టుకుంటే ఏం, లెక్క పోవచ్చు కదా? పోదు. అలాంటి పరాయి టవరు మీద సమాచారం పంపనిచ్చే డేటా రోమింగ్ అనే గడిని మోడెమ్‌లో నేనే మూసిపెట్టాను. బిల్లు పెరుగుతుంది, రోమింగ్ ఆపెయ్యమని కస్టమర్లకు ఏళ్ల తరబడి చెప్పి చెప్పి, కొత్త పరికరం చేతికొస్తే ముందు అది మూయడం నాకు అలవాటైపోయింది. ఎందుకు మూస్తున్నానో కూడా ఆలోచించలేదు.

"నువ్వు ఈ గుర్తు సంగతి చెప్పకుండా ఉంటే ఈ పెట్టె పనికిరాదని తీసేసేవాళ్లు. నీ పని నీకుండేది," అన్నాను.

సోమయ్య నవ్వాడు. "వాగు ఎంతుంటే గంత చెప్పుడే గద సారు నా పని. గది దాచిపెట్టి ఇంకో పని ఎట్ల చేస్త?"

గడి తెరిచాను. ఆ తర్వాత ఒక్క లెక్క కూడా ఆగలేదు. డైరీలో రాసింది కొట్టివేసే అలవాటు నాకు లేదు. ఆ వాక్యం కింద ఇంకోటి రాశాను: "తప్పు నాది."

ఆగస్టు చివర సోమయ్యను పనిలోంచి తీసేశారు. కంపెనీలో అడిగాను, ఖాళీ లేదన్నారు. పెనుబల్లి దగ్గర పామాయిల్ తోటలో అతని కూతురూ అల్లుడూ పనిచేస్తున్నారు. అక్కడే కాపలాకు కుదిరాడు.

సెప్టెంబరులో ఒక పొద్దున సరిగ్గా ఆరింటికి నా ఫోను మోగింది.

"సారు, వాగు ఎంతుంది?"

నా ఫోన్‌లో ఆఫీసు పేజీ తెరిచి చూశాను. "ఒకటి పాయింట్ ఎనిమిది ఐదు."

"పైన వాన పడ్డట్టుంది," అన్నాడు. "ఇక్కడంతా డ్రిప్పు నీళ్లు సారు. చప్పుడే ఉండది. నిద్ర పడతలేదు," అని పెట్టేశాడు.

మర్నాడు మళ్లీ ఆరింటికి. ఆ మర్నాడూ అంతే. ఆరింటికి నేనేం జేయాలె అని గట్టు మీద అతను మొదటిరోజు అడిగిన ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది. నేను ఆరుకు ముందే లేచి, మొహం కడుక్కుని, పేజీ తెరిచి కూర్చునేవాణ్ణి. రిటైరయ్యాక అంత పొద్దున నన్నొక పని మీద అడిగిన మనిషి లేడు. చెప్పిన మట్టాన్ని డైరీలో ఆ రోజు మొదటి గీత మీద రాసుకునేవాణ్ణి. ఒకరోజు మాటల్లో ఆ సంగతి అతనికి చెప్పాను కూడా.

డిసెంబరు దగ్గర పడింది. కాంట్రాక్టు ముగిస్తే ఆ పేజీ నాకు తెరుచుకోదు. సోమయ్యకు చెప్పాను.

"అంటే ఇగ తెల్వదా సారు?" అన్నాడు.

పెట్టె సెట్టింగుల్లో నేను పెద్దగా పట్టించుకోని పేజీ ఒకటుంది. రోజూ ఒక వేళకు మట్టాన్ని మామూలు మెసేజ్‌గా ఐదు నంబర్లకు పంపే ఏర్పాటు. నాలుగు అధికారులవి. ఐదోది ఖాళీ. బూర్గంపాడు ఆఫీసుకు వెళ్లి, అందులో సోమయ్య నంబరు పెట్టవచ్చా అని ఇంజనీరు గారిని అడిగాను.

"ఆయనిప్పుడు మన మనిషి కాదు కదండీ," అన్నారాయన.

"పంతొమ్మిదేళ్ల రిజిస్టర్లు మీ బీరువాలో ఉన్నాయి కదండీ."

ఆయన బీరువా వైపు చూసి, కాగితం తెమ్మని సంతకం పెట్టారు.

చివరిసారి ఎర్రవాగుకు వెళ్లి, లాప్‌టాప్ తగిలించి, ఐదో గడిలో సోమయ్య నంబరు నింపాను. వేళ ఆరు గంటలు. సోమయ్యకు అంకెలు బాగా వచ్చు, బతుకంతా చదివినవి అవే. సేవ్ అని నొక్కే ముందు మాత్రం కొంచెం ఆగాను. ఇది నొక్కితే రేపటినుంచి అతనికి నాతో పని ఉండదు. నీళ్లు రాళ్ల మధ్య మెల్లగా పారుతున్నాయి. నొక్కాను.

అనుకున్నట్టే ఫోన్లు ఆగిపోయాయి. జనవరి డైరీలో మొదటి గీతలన్నీ ఖాళీ. ఆరుకు మెలకువ వచ్చేది. ఫోను పక్కనే ఉండేది. ఎన్నో ఏళ్లు ఎందరి ఫోన్లు మోగకపోతే వెళ్లి బాగుచేసి వచ్చానో. నా ఫోను మాత్రం బాగానే ఉంది.

ఇరవై రెండో రోజు మోగింది. ఆరూ ఐదు.

"సారు, మెసేజ్ దినాం వస్తుంది. మంచిగున్నది. మరి మీకిప్పుడు ఎవ్వలు చెప్తుండ్రు?"

"ఎవరూ లేరు సోమయ్యా."

"అయితే మీ పుస్తకంల మొదటి గీత ఖాళీ ఉన్నట్టే గద. ముందుగాలనే నాకు చెప్పొద్దా. రాసుకోండ్రి. ఎర్రవాగు, సున్నా పాయింట్ నాలుగు ఒకటి."

ఆఫీసుకు పంతొమ్మిదేళ్లు చెప్పిన గొంతు అదే అయి ఉంటుంది. తొందర లేకుండా, ఒక్కో అంకెనూ విడిగా. నేను రాసుకుని తిరిగి చదివి వినిపించాను. "అవ్," అన్నాడు.

ఎన్నో పరికరాలకు సెట్టింగులు చేశాను. ఏపీఎన్ నింపి, సిగ్నల్ చూసి, డైరీలో "సరే" అని రాసుకుని వచ్చేసేవాణ్ణి. ఎర్రవాగు తర్వాత ఎవరైనా చిన్నాచితకా పనికి పిలిస్తే, పరికరం మూత తీయకముందే ఒక మాట అడుగుతున్నాను: ఇంతకుముందు దీన్ని ఎవరు చూసేవారు? ఆ మనిషి దగ్గర రాసుకున్న కాగితం ఏదైనా ఉంటే ముందు అది చదువుతాను. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడని కూడా అడుగుతాను.

మే నెలలో ఎర్రవాగు ఎండిపోతుంది. ఆ ఏడాదీ ఎండింది. ఫోను మాత్రం ఆరూ ఐదుకు మోగింది.

"సున్నా పాయింట్ సున్నా సున్నా, సారు."

"సున్నాకు కూడా ఫోనెందుకు సోమయ్యా?"

"సున్నా గూడ మట్టమే గద సారు. రాయండ్రి."

రాశాను.