నేలలోకి దిగిన గడప

కళ్ళు మూసుకుంటే బూరుల్ ఇప్పటికీ కొండ మీది పచ్చికలో నడుస్తూనే ఉంటుంది. కళ్ళు తెరిస్తే ఒళ్ళో ఉన్ని, కింద చక్రాలు. గుర్రం మీంచి పడ్డప్పటి నుంచి ఆమెకు లోకం ఇలా రెండు పొరలుగానే ఉంది. ఉన్నిని వేణ్ణీళ్ళతో తడిపి, చుట్టి, మోచేతులతో దొర్లించి కంబళ్ళు చేస్తుంది. పక్కనే నారిన్ ఏటి హోరు. ఆ హోరులో మెలకువ ఎక్కడ ఆగిందో, కల ఎక్కడ మొదలైందో ఆమెకే తెలియదు.

ఊరి సభ దగ్గర మాత్రం ఆమె కలలో ఉండదు. నడవలేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు కూడా ఎవరి సాయం లేకుండా సభ ఇంటికి రాగలగాలని ఊరు తీర్మానం చేసుకుంది. ఏటా కోతలయ్యాక ఇంకా ఏం లోటుందో వాళ్ళనే అడగాలి, మంచు పడేలోగా సరిచెయ్యాలి. మొదట తాపీమేస్త్రీ సాగిన్ కట్టిన వాలుబాట, లారీలోకి గొర్రెల్ని తోలే బల్లలా నిలువుగా ఉంది. బూరుల్ సగం ఎక్కి వెనక్కి జారింది. మరుసటేడు పొడుగ్గా, అద్దంలా నున్నగా కట్టాడు. ఊరంతా మెచ్చుకుంది. మంచు పడ్డాక ఊరంతా దాని మీద జారిపడింది. ఆ పైన గరుకు చేసి, పట్టుకోను కమ్మీ పెట్టాడు. ఇప్పుడు గుమ్మం దాకా ఆమె ఒక్కతే వస్తుంది. అక్కడ జానెడెత్తు గడప.

దాంతో నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతారు, ఎత్తి బయట పెడతారు. కిందటి సభ రోజు పొలిమేరలో, గుర్రాలెక్కి చచ్చిన మేక కోసం కొట్టుకునే పందెం ఉంది. అది చూడాలన్న తొందరలో, బూరుల్ మాట్లాడే వంతు రాకముందే ఆమెను బయటికి మోసుకొచ్చేశారు.

"మేకనైనా ఇంత సులువుగా ఎత్తుకుపోరు కదరా! దాని కోసం కాసేపు కొట్టుకుంటారు," అంది బూరుల్.

ఈసారి లోటేంటని అడిగితే ఒకటే అంది: "గడప తీసెయ్యండి."

సభకు పెద్దయిన కదిర్కుల్ తాత ఉలిక్కిపడ్డాడు. "గడప తీస్తే ఇంటి సిరి ఏరులా బయటికి పోద్దమ్మా."

"సిరికి కాళ్ళున్నాయి తాతా, ఎట్టాగైనా పోద్ది. లేనిది నాకే."

సాగిన్ తల గోక్కున్నాడు. "తియ్యొద్దులే. నేల మట్టానికి దించేద్దాం. గడపా ఉంటది, అక్కకి అడ్డమూ ఉండదు."

తాత గిన్నెలో టీ చల్లారేదాకా ఆలోచించి గడ్డం ఊపాడు.

సభ రోజున మంచు ఉన్నిపోగుల్లా మెల్లగా రాలుతోంది. గడప తొక్కడం మహాపాపం కనుక, చదునైన నేల మీద లేని ఎత్తును జనం కాళ్ళెత్తి మరీ దాటుతున్నారు, వాగులో కొంగల్లా. బూరుల్‌కు అదంతా తన కలలోని నడకలా ఉంది.

తన వంతు రాగానే చేతులు ఆగిపోయాయి. అందరిలా కాళ్ళెత్తి దాటడం తన వల్ల కాదు. చక్రం ఆ కొయ్య మీదుగా పోవాల్సిందే. గడప తొక్కకే అని అమ్మ చిన్నప్పుడు కొట్టిన దెబ్బ వీపు మీద చురుక్కుమంది. ఇన్నేళ్ళూ ఊరితో పోట్లాడింది కానీ, ఈ భయం తనలోనూ ఉందని ఆమెకు తెలియదు. ఎత్తమంటే నలుగురూ ఇప్పుడే వస్తారు.

లోపలి నుంచి తాత కసిరాడు. "ఏందమ్మా అట్టా గుమ్మంలో ఆగిపోయావ్? తొక్కడం కంటే ఆగడం చెడ్డ. వస్తే రా, పోతే పో!"

జనం నవ్వారు. బూరుల్ చక్రాన్ని తోసింది. కొయ్య కిర్రుమని కూడా అనలేదు.

పొద్దు వాలేసరికి కుర్రకారు పందేలకు పోయారు. ఆమె మాత్రం కదల్లేదు. చివర్న తాత అడిగాడు, "బూరుల్, ఇంకా లోటేమన్నా ఉందా?"

"ఉంది తాతా. తలుపు బయటికి తెరుచుకుంటోంది. లాగుతూ వెనక్కి జరగలేను."

సాగిన్ నెత్తి బాదుకున్నాడు. "నువ్వు నన్ను బతకనివ్వవక్కా!"

"రాసుకో," అని సాగిన్‌తో చెప్పి, తాత ఆమె వైపు తిరిగాడు. "తర్వాత?"

బూరుల్ కుర్చీని పొయ్యి దగ్గరికి ఇంకాస్త జరుపుకుంది. చెప్పడానికి ఆమెకు సాయంత్రమంతా ఉంది.