కంటి చుక్కల్లో ఉండే ఆ రెండో మందు

ముందే చెప్పేస్తున్నాను. రెండంగుళాల మంచు పడితే హిమాలయాలు దాటి ఆఫీస్‌కి వెళ్లానని చెప్పే రకం నేను. కాబట్టి ఇక్కడ రాసిన ప్రతిదాన్నీ సగానికి సగం తగ్గించి చదువుకోండి.

అమెరికాలో మేముండే పిస్కాటవేలో ఒక శనివారం పొద్దున లేచేసరికి నా ఎడమకన్ను ఎర్రబడి ఉంది. ఎంత ఎరుపంటే, బాత్రూమ్‌లో లైట్ వేయక్కర్లేకపోయింది. రోజూ కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునే కన్ను. కిటికీ వైపు తిరిగితే చాలు, సూదులు గుచ్చినట్టుంది.

ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో ఇండియా మందుల సంచీ అని ఒకటుంటుంది. ఊరెళ్లొచ్చినప్పుడల్లా పచ్చళ్ల పక్కన సర్దుకొచ్చేది. మా సంచీతో ఒక జిల్లా ఆసుపత్రి నడపొచ్చు. అందులోంచి యాంటీబయాటిక్ చుక్కల సీసా తీశాను. కిందటి వేసవిలో మూత తీసి సగం వాడినదే.

మా ఆవిడ ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏ మందు బ్యాక్టీరియాని ఎంత బాగా చంపుతుందో చూడటమే ఆవిడ పని. నా చెయ్యి గాల్లోనే పట్టుకుంది.

"ఏమండీ, ఇది ఎప్పుడు ఓపెన్ చేసింది?"

"ప్రిజర్వేటివ్ ఉందిగా. ఆవకాయలో ఉప్పూ నూనెలాగ. పాడవదు."

"ఆవకాయ కంట్లో వేసుకుంటారా మరి?"

నొప్పి ఉన్నా నాకు కుతూహలం ఆగలేదు. అసలు ఆ ప్రిజర్వేటివ్ ఏం చేస్తుందని అడిగాను.

"తెరిచిన సీసాలో క్రిములు పెరగకుండా చూస్తుంది. అదీ కొంతకాలమే. ఆ పనిలో అదీ క్రిముల్ని చంపుతుంది. మా తలనొప్పే అది. ల్యాబ్‌లో క్రిముల్ని పెంచే ప్లేటులో బ్యాక్టీరియా చస్తే, చంపింది యాంటీబయాటిక్కా, ప్రిజర్వేటివా? కొన్నిసార్లు రెండూ కలిస్తే ఒట్టి యాంటీబయాటిక్ కంటే గట్టిగా చంపుతాయి."

"ఇంకా మంచిది కదా! ఒకే సీసాలో ఇద్దరు రౌడీలు."

"ప్లేటు ఏడవదండీ. కన్ను ఏడుస్తుంది. కన్నీళ్లు మందుని పలచన చేసి కడిగేస్తాయి. ప్లేటులో గెలిచింది కంట్లో గెలుస్తుందని చెప్పలేం. పైగా ఆ ప్రిజర్వేటివ్ ఎక్కువైతే కంటి పైపొరకే మంట."

"ఇన్నేళ్లూ ల్యాబ్‌లో కూర్చుని ఏం తేల్చినట్టు?"

"మిమ్మల్ని డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్లాలని. లెన్స్ పెట్టుకునేవాళ్లకి ఇలా అయితే చూపు పోవచ్చు. పదండి."

"ఇంకో కన్నుందిగా," అన్నాను, కాలు మీద కాలేసుకుని.

డాక్టరమ్మ కంట్లో రంగు వేసి, నీలం లైట్‌లో చూసింది. నల్లగుడ్డు అంచున చిన్న పుండు. ఇంట్లో ఏమైనా చుక్కలు వేశారా అని అడిగింది. లేదని మా ఆవిడే చెప్పింది. మంచి పని చేశారంది. వేసుంటే, పుండు నుంచి గీకి తీసిన దాంట్లో ఏ క్రిమి ఉందో పెంచి చూడటం కష్టమయ్యేదట. క్రిమి దొరికింది, దానికి తగ్గ చుక్కలూ దొరికాయి. చూపు నిలిచింది.

ఇక కల్పించింది ఏమిటంటారా? కాలు మీద కాలేసుకుని అన్న ఆ మాట. చూపు పోవచ్చు అనగానే, ఆవిడ కోటు వేసుకునేలోగా వెళ్లి కార్‌లో కూర్చున్నాను, అదీ డ్రైవర్ సీట్లో. లేపి పక్కసీట్లోకి తోసింది.