ఏటవాలు గీతల మామయ్య

ఎదురుగా ‘మామయ్యా’ అని గౌరవంగానే పిలిచేది కోడలు. వెనకాల మాత్రం ఆయన ఏటవాలు గీతల మామయ్యే. ఆ పేరు ఊరికే రాలేదు.

ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం ఆయన పని. పేజీలో ఎప్పటికీ మారని భాగం, అంటే శీర్షికలూ బొమ్మలూ వివరాలూ, ఎంత పొడుగున్నా సరే, ఆ హెచ్‌టీఎమ్‌ఎల్ రాత మొత్తాన్ని ఒకే కొటేషన్ల జతలో బిగించి పీహెచ్‌పీ ప్రోగ్రాము చేత ఎకో చేయించేవాడు, అంటే పేజీ మీదికి పలికించేవాడు. అలా చేస్తే లోపలున్న ప్రతి కొటేషన్ గుర్తుకూ ముందు, రాత అక్కడితో ముగిసిందని కంప్యూటరు పొరబడకుండా, ఒక ఏటవాలు గీత పెట్టాలి. ఒక్కటి మరిచినా పేజీ తెల్లగా పాలిపోతుంది. ఈ మహానుభావుడు మరిచేవాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

కోడలిదీ అదే విద్య. పెళ్లయ్యాక రెండో కంప్యూటరు ముందు కూర్చుంది. పళ్ల డాక్టరుగారి సైటు తెరిచిన రోజే అడిగింది.

“మామయ్యా, ఇంత ముక్కని కొటేషన్లలో కుక్కడం ఎందుకండీ? వేరే ఫైల్లో ఉన్నదున్నట్టు రాసుకుని, కావలసినచోట ఇన్‌క్లూడ్ చేస్తే చాలు కదా. డాక్టరుగారి వేళలు మారే చోట మాత్రం పీహెచ్‌పీ తెరిచి మూసేద్దాం.”

“నడుస్తున్న దాన్ని కెలకడం దేనికమ్మా? నువ్వు ఫొటోల సంగతి చూడు.”

ఎన్నిసార్లడిగినా ఇదే పాట. తన పేజీల మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఫొటోలు కత్తిరించీ కత్తిరించీ ఆ పిల్లకు విసుగెత్తిపోయింది. ఒకరోజు భోజనాల దగ్గర, వేరే కంపెనీ వాళ్లు పిలిచారనీ, మర్నాడు వెళ్లి మాట్లాడి వస్తాననీ చెప్పింది.

ముందుగదిలో ఆమె నవ్వూ, ఆమె వేసే చురకలూ లేకుండా రోజు గడవడం ఆయన ఊహకే అందలేదు. కోడలు లేచి వెళ్లాక భార్య మెల్లిగా చురక అంటించింది.

“ఆ పిల్లకి పని చెయ్యాలనుంది. మీరేమో చెయ్యనివ్వరు. ఇంకెందుకుంటుంది?”

మర్నాడు కోడలు అటు వెళ్లగానే ఆయన డాక్టరుగారి పేజీకి నకలు తీసుకుని, ఆమె చెప్పిన పద్ధతిలో మొదలుపెట్టాడు. ఆ పెద్ద ముక్కను కత్తిరించి వేరే ఫైల్లో అతికించి, ఇన్‌క్లూడ్ చేశాడు. పేజీ తెల్లబోలేదు గానీ బొమ్మలు మాయమయ్యాయి, రంగులు పోయాయి, అక్షరాలన్నీ ఒకదాని కిందొకటి దిక్కులేకుండా పడి ఉన్నాయి. ఎంత తడిమినా కారణం అంతుచిక్కలేదు. ఆ నకలు చెరిపేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. చెయ్యి మౌస్ దాకా వెళ్లింది కూడా. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం కోడలు వచ్చింది.

“ఏమన్నారమ్మా?”

“చేరమన్నారండీ. రేపటికల్లా ఏ సంగతీ చెప్పాలి.”

ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు. “నీ పద్ధతిలో చేద్దామని కూర్చుని పాడుచేశాను. ఎక్కడ తప్పానో నాకు తెలియడం లేదు.”

తను పాడుచేశానని ఆయన అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. కోడలు వంగి చూసింది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

“గీతలన్నీ అలాగే వదిలేశారేంటి మామయ్యా! కొటేషన్లలోంచి బయటికొచ్చాక వాటితో పనేముంది?”

ఆయన నాలుక కరుచుకున్నాడు. ఆమె ఒక్క మీట నొక్కేసరికి ఫైల్లోని గీతలన్నీ ఒకేసారి ఎగిరిపోయాయి. బొమ్మలొచ్చాయి, రంగులొచ్చాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కటే గుర్తుపెట్టుకుని పెట్టిన గీతలు. ఆయన మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. అయినా లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

“మిగతా సైట్లు కూడా ఇలాగే మార్చాలి. నాకు చేతకాదు, నువ్వే చెయ్యమ్మా. ఏదైనా చెడితే వాళ్ల ఫోన్లు నేను ఎత్తుతాను. తిట్లు నాకు, పని నీకు.”

“మధ్యలో వచ్చి వద్దంటే?”

“అంటాను. నువ్వు వినకు.”

కోడలు ఫోను తీసి, నిలబడే ఆ కంపెనీ వాళ్లకు చెప్పేసింది, తను రావడం లేదని. ఆయన కళ్లు చెమర్చాయి. కోడలు చూస్తుందేమోనని తుడుచుకోనూ లేదు.