గాలి తీసిన సకినాలు

ఒక్క సూట్‌కేసుతో రెండిళ్ల మర్యాదను ఎలా మంటగలపవచ్చో నాకు బాగా తెలుసు. స్వయంగా చేసి చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయింది. సిద్దిపేటలో మా ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చుని, లోకానికంతా సలహాలిచ్చే వయసు. సూట్‌కేసు సర్దడం మీద కనబడిన ప్రతి వీడియో చూసేవాణ్ణి. చొక్కాలు చుట్టడం, సాక్సులు బూట్లలో దూర్చడం, అన్నీ కంఠతా వచ్చు. ప్రయాణాలే చేయలేదు, అంతే.

మా సరితక్క కాన్పుకు మా ఇంటికొచ్చి, పాపను ఎత్తుకుని కోహెడలోని అత్తగారింటికి తిరిగి వెళ్లే రోజు దగ్గరపడింది. మా వైపు అలా వెళ్లే ఆడపిల్ల వెంట సారె పంపుతారు. అందులో బియ్యప్పిండితో చుట్టి నూనెలో వేయించే సకినాలు ముఖ్యం. అత్తగారు వాటిని వాడంతా పంచుతుంది. పుచ్చుకున్నవాళ్లు తినే ముందు చేతిలో తిప్పి చూస్తారు, చుట్టు విరిగిందా, నువ్వులు సరిగ్గా పడ్డాయా అని. పుట్టింటి పరువంతా ఆ చుట్టులోనే ఉంటుంది. అందుకే అమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, వాళ్లతో పాటు పొద్దంతా కింద కూర్చుని చుట్టింది. సాయంత్రం నడుము పట్టుకుని లేచింది.

"రెండు డబ్బాలు, బట్టల సంచి, పాప సంచి. గియ్యన్నీ బస్సుల ఎట్ల పట్టుకపోతమే? ఒక్క సూట్‌కేసుల పట్టిస్త, సూడు" అన్నాను.

"సకినాలు డబ్బాలనే పోవాలెరా" అన్నది అమ్మ.

"డబ్బాల సగం గాలే ఉంటది. గాలిని కోహెడ దాక మోసుకపోవుడెందుకు?"

అమ్మ డబ్బా మూత తీసి లోపలికి చూసింది. సరితక్క మాత్రం ఊరుకోలేదు. "అరేయ్, గవి ఇరిగితె నా ఇజ్జత్ పోతది. మా అత్తమ్మ వాడోళ్లందర్ని పిలుస్తది."

"బట్టల నడుమ పెడుతున్న అక్కా. పరుపు మీద పండుకున్నట్టు పోతయ్."

అప్పటికే నేను ఆన్‌లైన్‌లో జిప్పు సంచులు తెప్పించి ఉంచాను. బట్టలు పెట్టి గాలి లాగేస్తే అప్పడంలా అయిపోయే రకం. వాటితో పాటు ఒక చేతి పంపు. ఒక చీర, దాని మీద సకినాలు, మళ్లీ చీర, మళ్లీ సకినాలు పేర్చి, జిప్పు మూసి, పంపు కొట్టాను. సంచి లోపలికి గుంజుకుపోయింది. కరకరమని చప్పుడు.

"ఏందిరా ఆ సప్పుడు?"

"ప్లాస్టిక్ కవరమ్మా. గాలి పోతుంటె గట్లనే అంటది."

చూశారా, ఎంత ధీమానో. తర్వాత మూత పడకపోతే సూట్‌కేసు మీద ఎక్కి కూర్చున్నాను. మళ్లీ కరకర. ఈసారి ఎవరూ అడగలేదు. "నా కొడుకు ఇంజనీర్ కావల్సినోడు" అని అమ్మ మురిసిపోయింది.

మర్నాడు అక్క పాపతో, నేను సూట్‌కేసుతో కోహెడ బస్సు దిగాం. అక్క అత్తగారు నిజంగానే వాడంతా పిలిచింది. ఆడవాళ్లు చాపల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. గోడ పక్క మంచంలో బావ వాళ్ల బాపమ్మ, అదే నాయనమ్మ, నోట్లో ఒక్క పన్ను కూడా లేని మనిషి. అందరి ముందూ నేను గారడీవాడిలా జిప్పు లాగాను. సంచి ఉస్సుమని పొంగింది. చీర మడత విప్పితే జలజలా పిండి రాలింది. రెండో చీర విప్పితే ఇంకాస్త. అందులో గోరంత ముక్క ఒకటి కనబడితే పైకెత్తి అందరికీ చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు.

"గిదేంది బిడ్డా, సత్తుపిండా?" అని ఒకామె అడిగింది.

సరితక్క పాపను హత్తుకుని తల వంచుకుంది. నన్ను తిట్టినా బాగుండేది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక, అమ్మ నడుము పట్టుకుని లేవడం గుర్తొచ్చింది. ఆ సూట్‌కేసులో దూరి లోపలి నుంచి జిప్పు పెట్టుకోవాలనిపించింది.

అప్పుడు బాపమ్మ చెయ్యి చాపింది. "గిటు తే పిలగా." దోసిట్లో పోశాను. నోట్లో వేసుకుని కాసేపు చప్పరించింది.

"పండ్లు పోయినంక సకినం రుచే మర్సిపోయిన" అన్నది. "గీ ఇంటికి ఎన్ని సారెలు అచ్చినయ్. ముసల్ది ఎట్ల తింటదని ఒక్కలన్న సోంచాయించిన్రా? నాకోసం దంచి పంపిన్రు, సూడు."

అక్క వాళ్ల అత్తమ్మ నా వైపు చూసింది. ఆమెకు సంగతంతా అర్థమైపోయిందని నాకూ అర్థమైంది. "అవునత్తా, నీకోసమే దంచిన్రు" అని చిన్న గిన్నె తెచ్చి, వాడవాళ్లందరికీ కొలిచి పంచింది. అక్క కళ్లు తుడుచుకుంది. ఆ రోజు అత్తమ్మ మీద కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అంతలో అత్తమ్మకు అమ్మ ఫోన్. "వదినా, సకినాలు ఎట్లున్నయ్? గట్టిగైతె లేవు గద?"

"గట్టి ఎక్కడిది వదినా" అన్నది అత్తమ్మ నా ముఖం చూస్తూ, "పండ్లు లేని మా అత్త సుత తిన్నది."

అమ్మ పొంగిపోయింది. నేను ఇల్లు చేరేసరికి మా గుమ్మంలో పక్కింటామె సకినాల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. "మా బిడ్డ సారె సుత నువ్వే సర్దాలె కొడుకా."

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ జన్మలో తినే వస్తువు జోలికి పంపు పట్టుకుని వెళ్లను. కోహెడ నుంచి బాపమ్మ కబురు పంపినప్పుడు తప్ప. ఆమె సకినాల సంచికి మాత్రం గాలి తీసి, దాని మీద నేనే ఎక్కి కూర్చుంటాను.