సత్రం గుమ్మానికి వేపమండ

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్ళకు ఈ మాట చెప్పలేకనే ఇన్నేళ్ళు మోశాను. మోశాను అన్నానా? అదీ పూర్తి నిజం కాదు. మధ్యలో ఏళ్ళకేళ్ళు హాయిగా మరిచిపోయి కూడా ఉన్నాను. శ్రావణమాసం వచ్చి, ఎవరో ఒకరు వాకిట్లో నిలబడి "గండికి నడిచి పోతాండాం పంతులూ" అన్నప్పుడు మాత్రం ఏదో పనున్నట్టు లేచి లోపలికి పోయేవాణ్ణి. అబద్ధం ఆడకూడదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పి జీతం తీసుకున్నాను. నేనాడిన అబద్ధం ఒకటుంది. దానివల్ల ఒక ముసలామె గండి చూడకుండానే పోయింది.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. నేను ప్రొద్దుటూరులో బడిపంతుల్ని. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయస్వామి దగ్గరికి జనం నడిచి పోయేవాళ్ళు. గురువారం మధ్యాహ్నం బయలుదేరితే రాత్రికి ఎర్రగుంట్ల, శుక్రవారం రాత్రికి వేంపల్లెకు ఇవతల ఒక సత్రం, శనివారం పొద్దున గండి. ఆ సత్రం ఎవరు కట్టించారో ఎవరికీ గుర్తులేదు. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ కప్పు, ముందర ఒక వసారా, ఒకే ఒక్క గది. సర్దుకుంటే ఎనిమిదిమంది పడుకోవచ్చు. వసారా కురిసేది, అందుకని వానొస్తే ఆ గదే గతి. కాపలా మనిషి లేడు. నడిచేవాళ్ళ మర్యాదే దానికి కాపలా.

ఆ మర్యాదలేమిటో నాకంటే బాగా ఎవరికీ తెలియవు. ఎందుకంటే వాటిని ఆ సత్రం గోడ మీద కావిరంగుతో రాసింది నేనే. అంతకు రెండేళ్ళ ముందు ఆ పక్క ఊరి పెద్దమనిషి నా దస్తూరీ చూసి ముచ్చటపడి రాయమన్నాడు. ముందు వచ్చినవాళ్ళు గోడవైపు జరిగి వెనక వచ్చినవాళ్ళకు చోటియ్యాలి. అందరూ వచ్చేదాకా గడియ వేయకూడదు. పొద్దున పోయేటప్పుడు కుండ నింపి, నాలుగు పుల్లలు పొయ్యి దగ్గర పెట్టి పోవాలి. ఇవి ఆయన చెప్పినవి. "ఎవరు వచ్చినా ఏ కులమని అడగకూడదు" అన్నది నేను సొంతంగా చేర్చాను. కొత్త రాష్ట్రం, కొత్త కాలం, అర్చకుల ఇంట పుట్టిన నేను రాశాను ఈ మాట అని లోలోపల ఎంత మురిసిపోయానో.

ఆ ఏడు నేనూ నా భార్యా బయలుదేరాం. మా పాప శారదకు ఆరేళ్ళు. దాన్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చాం. దానికి ఏ జబ్బూ లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఎర్రగుంట్లలో మొదటి రాత్రి నరకం. ఇరవైమంది ఒకచోట. బీడీ పొగ, గురకలు, ఒకాయన రాత్రంతా భజన. కన్ను మూయలేదు. మరునాడు ఎండలో నడిచి నడిచి నా భార్య కాళ్ళు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి సత్రం చేరేసరికి గది ఖాళీ. మేమిద్దరమే! చల్లటి బండల మీద చాప పరిచి ఆమె కాళ్ళకు ఆముదం రాసుకుంటూ కూర్చుంది. నేను మరునాటి పళ్ళపుల్లలకని వసారా ముందున్న వేపచెట్టు కొమ్మ ఒకటి విరిచాను. పుల్లలు తీసుకున్నాక ఆకుల మండలు చేతిలో మిగిలాయి. అప్పుడే దూరాన ఒక ఎద్దులబండి కనబడింది. నిండా మనుషులు. ఇంకో గంటలో ఈ గదీ నిన్నటి గది అయిపోతుంది అనుకున్నాను.

చేతిలో వేపమండలున్నాయి. ఎదురుగా గుమ్మం ఉంది.

మా వైపు గుమ్మానికి వేపమండ కడితే అర్థం ఒకటే. లోపల ఎవరికో మశూచి. ఆ పేరు పలకరు, అమ్మవారు పోసింది అంటారు. ఆ గడప ఎవరూ తొక్కరు. భయం ఒక కారణం, భక్తి ఇంకో కారణం. లోపల ఉన్నది తల్లి కాబట్టి దారిన పోతూ దండం పెట్టుకుని పోతారు.

కట్టేశాను. నా భార్య తలెత్తి చూసింది.

"అదేంది? ఎవరికి పోసిందని?" అంది.

"ఊరికే. నీ కాళ్ళకు కాస్త విశ్రాంతి," అన్నాను.

ఆమె కాళ్ళకోసమే అని నేను చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నాకు నిద్ర కావాలి. పరాయివాళ్ళ చెమట వాసన నా పక్కన వద్దు. గోడ మీద కులం అడగకూడదని రాసిన చేయే మండ కట్టింది. నేనే రాసిన మాట ఒక్క రాత్రికి కూడా నన్ను ఆపలేకపోయిందంటే, దాన్ని ఎందుకు రాసినట్టు? నలుగురూ చదివి మెచ్చుకోవడానికా?

బండివాళ్ళు మండ చూసి ఆగలేదు. ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు. బండి ముందుకు పోయింది. వాళ్ళకేం, బండి ఉంది, ముందు ఊరు చేరుకుంటారు అనుకున్నాను. ఎంత తేలిగ్గా అయిపోయింది! నిజం చెప్పాలంటే నా తెలివికి నేనే నవ్వుకున్నాను.

తర్వాత వాన మొదలైంది. చీకటి పడకముందే ఇంకో ఇద్దరు వచ్చారు. నడివయసు మగమనిషి, భుజాన గొంగడి, ముఖమంతా స్ఫోటకపు గుంతలు. అతని చేయి పట్టుకుని ఒక ముసలామె. ఆమె వంగిపోయి ఉంది, కొంగు తడిసి నెత్తికి అంటుకుపోయింది. నేను తలుపు ఓరగా తీసి నిలబడ్డాను. ఆ తర్వాత మేం మాట్లాడుకున్న ప్రతి మాటా నాకు గుర్తుంది.

"సామీ, ఎవురికి పోసింది?" అన్నాడు, మండ చూసి చేతులు జోడించి.

ఎవరూ అడగరనుకున్నాను. అడిగాడు. "మా పాపకు," అన్నాను.

"ఎన్నేండ్ల బిడ్డ?"

"ఆరేళ్ళు."

"అయ్యో తల్లీ! పేరేంది సామీ? మొక్కుకుంటా."

అబద్ధం పేరు ఒకటి చెప్పి ఉండవచ్చు. నోటికి రాలేదు. "శారద," అన్నాను. వెనక నా భార్య చాప మీద కదిలిన చప్పుడు వినబడింది.

"నా పేరు ఓబన్న సామీ. జమ్మలమడుగు పక్క, గొర్లు మేపుకునేటోళ్ళం. నాకు గూడా చిన్నప్పుడు పోసిండె, సూడు మొగం. ఇంగ నాకేం గాదు. లోపలికొచ్చి బిడ్డకు యాపాకుతో ఇసరమంటే ఇసురుతా. మీరు శానా అలిసిపోయినట్టుండారు."

నేను జనాన్ని తరమడానికి కట్టిన మండ ఈ మనిషిని లోపలికి పిలుస్తోంది! "వద్దప్పా," అన్నాను తొందరగా, "మైల తగలకూడదు."

అతని ముఖం చిన్నబోయింది. కోపంతో కాదు. తప్పు మాట అన్నానే అని. "నిజమే సామీ. దావలో యాడాడో తిరిగొచ్చినాం. ఆ తల్లి ఉండే తావుకు రాగూడదు." మళ్ళీ అన్నాడు, "ఈమె మాయమ్మ. నాకు పోసినప్పుడు గండికి నడిసొస్తానని మొక్కుకున్యాది. ఇన్నేండ్లకు కుదిరింది. ఈ వానకు ఈడ పండుకుందామనుకుంటిమి."

ముసలామె అతని చేయి లాగింది. "పారా నాయనా. ముందూర్లో యాడన్నా తలదాసుకుందాం. బిడ్డ నిద్దర సెడగొట్టద్దు."

అప్పుడైనా చెప్పవచ్చు కదా? ఒక్క మాట. ఆ మండ పీకి పారేస్తే చాలు. పరువు పోతుందని భయపడ్డాను. ఎవరి దగ్గర పరువు? మళ్ళీ జన్మలో కనబడతాడో లేదో తెలియని గొర్రెల కాపరి దగ్గర.

ఓబన్న పోలేదు. వసారాలో ఉన్న కుండ తీసుకుని ఆ వానలోనే బావికి పోయి నీళ్ళు తెచ్చి గడప ఇవతల పెట్టాడు. "బిడ్డకు దప్పిక ఎక్కువుంటాది సామీ," అన్నాడు. పోతూ పోతూ గోడ మీది అక్షరాలు చూసి ఆగాడు.

"నాకు సదువు రాదు. ఏం రాసినారు సామీ ఇది?"

నా దస్తూరీ అది. వెనక వచ్చినవాళ్ళకు చోటియ్యాలి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"స్వామి నామాలు," అన్నాను.

అతను ఆ అక్షరాలు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నాడు. వాళ్ళమ్మ చేత కూడా తాకించాడు. తన గొంగడి తీసి ఆమె నెత్తిన కప్పాడు. ఇద్దరూ వానలోకి నడిచి పోయారు.

నేను గడియ వేసుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టక దొర్లానని రాస్తే మీకు నా మీద కాస్త దయ పుట్టేది. కానీ నేను నిద్రపోయాను. ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. అన్నిటికంటే ఎక్కువ సిగ్గు నాకు దీనికే.

పొద్దున నా భార్యే మండలు తీసేసింది. ఆ కుండలో నీళ్ళు ఆమె ముట్టుకోలేదు. ఆ కాళ్ళతో బావికి పోయి చేదుకుని తాగింది. పోయేముందు కుండ నింపాలని మర్యాద కదా. మేం నింపాల్సిన పని లేకపోయింది. నిండుగానే ఉంది. గండిలో బారులో నిలబడి వాళ్ళిద్దరి కోసం కళ్ళతోనే వెతికాను. కనబడలేదు. జనం ఎక్కువ, ఎక్కడో ఉంటారులే అనుకున్నాను.

నాలుగైదేళ్ళకు నాకు పులివెందులకు బదిలీ అయింది. అప్పటికి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఒకనాడు అక్కడ బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో "సామీ" అన్నారు. ఆ గుంతల ముఖాన్ని గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. పారిపోవాలనిపించింది.

"శారదమ్మ బాగుండాదా సామీ?" అన్నాడు. మొదటి మాట అదే.

"బాగుంది," అన్నాను. "అంతా ఆ స్వామి దయ."

అతని ముఖం వెలిగిపోయింది. తర్వాతిదంతా అతనే చెప్పాడు, నేను అడగలేదు. ఆ సాయంత్రం సత్రం ముందరి వంక, అదే వాగు, దాటుతుంటే తడిసిన బండ మీద వాళ్ళమ్మ కాలు జారింది. తుంటి విరిగింది. ఎవరిదో బండిలో ఎక్కించి వెనక్కు తీసుకుపోయారు. మంచం దిగలేదు. దసరా లోపలే పోయింది. "గండి సూడనే లేదు సామీ, అంత దూరమొచ్చి. పోయే ముందర గూడా అడిగింది, ఆ సత్రంలో బిడ్డ ఎట్లుందో కనుక్కోరా అని. నేనెవురిని కనుక్కోవాల? అందుకే యాటా శ్రావణంలో పోయి శారదమ్మ పేరున ఒక టెంకాయ కొడతాండా."

ఆ పొద్దు మా శారద బడిలో ఉంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఇంతవరకూ లేదు. నాకు తగిన శిక్ష ఏదో పడుతుందని ఎదురుచూశాను, పడలేదు. దాని పేరున ఎవరో ఏటేటా టెంకాయ కొడుతుంటే ఎలా పడుతుంది?

బస్సు వచ్చింది. ఎక్కాను. అది నేను వెళ్ళాల్సిన బస్సు కాదు.

తర్వాత జమ్మలమడుగులోనే రెండేళ్ళు పనిచేశాను. ఓబన్న అనే గొర్రెల కాపరి ఏ ఊరివాడని ఒక్కరినీ అడగలేదు. నా భార్య చనిపోయిన ఏడు, మంచాన ఉండి, ఎన్నడూ ఎత్తని ఆ మాట ఎత్తింది. "ఆ గొర్రెలాయన మీకు మళ్ళీ కనబడినాడా?" అని. కనబడలేదన్నాను. ఆమె నన్నే చాలాసేపు చూసి గోడవైపు తిరిగింది.

శారదకు ఇప్పుడు మనవళ్ళున్నారు. నాన్న గండికి ఎందుకు రాడో దానికి తెలియదు. ఇది రాస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ముసలామె లేచి రాదు. క్షమించమని అడగడానికి నాకు ముఖం లేదు, అడిగితే ఓబన్న క్షమించేస్తాడేమోనని ఇంకో భయం. అయినా ఇన్నాళ్ళకు ఆ గడియ తీసినట్టుంది. ఆలస్యంగా తీశాను, అంతే.

ఓబన్నా, నీకు చదువు రాదన్నావు. ఎవరైనా చదివి వినిపిస్తారేమో. ఆ గోడ మీద ఉన్నవి స్వామి నామాలు కాదప్పా. వెనక వచ్చినవాళ్ళకు చోటియ్యాలని రాసి ఉంది. రాసింది నేనే. మా పాపకు ఏమీ పోయలేదు. ఆ పొద్దు అది అక్కడ లేనే లేదు. లోపల మేమిద్దరమే ఉన్నాం. ఇంకా ఆరుమందికి చోటుంది.