రాజారావు వేపనూనె

వేప ఎవరికీ కీడు చేయదని వ్యవసాయ శాఖ ఉద్యోగి రాజారావు ముప్పై ఏళ్లు గుంటూరు జిల్లా రైతుల చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడు. రిటైరై అమెరికాలోని ఇర్వింగ్‌లో ఉన్న కూతురు నీహారిక దగ్గరికి వచ్చాక, ఇంటి వెనకాల గడ్డి మైదానాన్ని అపార్ట్‌మెంట్ల కోసం బుల్డోజర్లు చదును చేస్తుంటే ఆయనకు ఒళ్లు మండిపోయింది. మోనార్క్ సీతాకోకచిలుకల పిల్లలు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరొకటి ముట్టవు. ఆ మొక్కలన్నీ అక్కడే ఉన్నాయి. బుల్డోజర్ వచ్చేలోగా పన్నెండు మొక్కలు తవ్వి తెచ్చి పెరట్లో నాటితే ఆరు బతికాయి. జిల్లేడుకు చుట్టాలు, అంత తేలిగ్గా చావవులే అనుకున్నాడు.

రెండేళ్లు ఏమీ రాలేదు. 2013 ఏప్రిల్‌లో ఒకే ఒక్క సీతాకోకచిలుక వచ్చి గుడ్లు పెట్టింది. పదకొండు గొంగళిపురుగులు పుట్టాయి. ఆ వారమే కొమ్మలకు పచ్చని పేనుబంక పట్టి రసం పీల్చేయసాగింది. మొక్క ఎండిపోతే పిల్లలకు తిండేదని కంగారుపడి, ఇండియన్ స్టోర్‌లో వేపనూనె కొని, సబ్బునీళ్లలో కలిపి ఆకులు తడిసిపోయేలా కొట్టాడు.

మర్నాటి నుంచి గొంగళిపురుగులు తినడం మానేశాయి. మూడో రోజుకి పదకొండూ నల్లబడి ఆకుల కింద వేలాడుతున్నాయి.

"అదేంటి నాన్నా, ఆర్గానిక్ కదా, ఏం కాదన్నావు?" అంది నీహారిక.

ఆ ముప్పై ఏళ్లలో రాజారావు ఎన్ని చేలల్లో వేపనూనె కొట్టించాడో! మర్నాడు వెళ్లి పురుగు చచ్చిందా అనే చూశాడు. ఇంకేం చచ్చాయో ఏనాడూ చూడలేదు.