టెస్ట్ అని పేరు పెట్టి వదిలేసిన ఫైలు

ఆ రోజు మా స్కూలు కంప్యూటర్ ల్యాబులో ఒక యాభై మంది పడీపడీ నవ్వారండి. అంతా నా చలవే. అంతమందిని ఒకేసారి నవ్వించడం నా జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెప్తా, ముందు టీ తాగండి, చల్లారిపోతోంది.

చేతిలో సెల్‌ఫోన్ ఉంటే పాము గేమ్ ఆడుకోవడమే గొప్పగా ఉన్న రోజులవి. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పేదాన్ని. ఉండేది జగ్గయ్యపేట. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. చేరి తొమ్మిది నెలలైంది. ఏడాది నిండాక పని చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. అందుకని ఆ తొమ్మిది నెలలూ ఎంత బుద్ధిగా ఉన్నానంటే, మా అమ్మ చూస్తే నన్ను గుర్తుపట్టేది కాదు!

మా ప్రిన్సిపాల్ రామ్మోహనరావు గారు మంచి మనిషే. కానీ ఎక్కడైనా కొత్త వింత చూసొచ్చారంటే ఇక మాకు నిద్ర ఉండదు. ఓసారి విజయవాడలో ఏదో స్కూలుకి వెళ్ళి, పిల్లలు కంప్యూటర్ల మీద పరీక్ష రాయడం చూసొచ్చారు. మర్నాడే స్టాఫ్ మీటింగ్.

"పేపర్లు దిద్దే రోజులు పోయాయండీ. ఇక మన దగ్గర కూడా ఆన్‌లైన్ ఎగ్జామ్! వచ్చే నెల పేరెంట్స్ మీటింగులో ఏడో తరగతి పిల్లలు వాళ్ళ తల్లిదండ్రుల కళ్ళముందే రాస్తారు."

మా ల్యాబులో పన్నెండు కంప్యూటర్లు. ఇంటర్నెట్ లేదు. వాటన్నిటికీ వైర్లు లాగి, ముందున్న పెద్ద కంప్యూటర్‌కి కలిపారు. అన్నీ ఒకే లైన్లో ఉన్నాయి, మీట నొక్కితే అన్నీ ఆన్ అవుతున్నాయి. ఇంకేం కావాలి, ఆన్‌లైన్!

చిక్కల్లా ఒకటే. కంప్యూటర్ సారు అంతకు ముందు నెలే హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మరి ప్రశ్నలు ఎవరు ఎక్కించాలి? ప్రిన్సిపాల్ గారు ఫైల్లోంచి ఒక కాగితం తీశారు.

"సునీత మేడం! మీ బయోడేటాలో కంప్యూటర్ నాలెడ్జ్ గుడ్ అని రాశారు కదమ్మా?"

రాసానండి. అందరూ రాస్తారు. మూడు నెలల కోర్సులో చేరి, నెలన్నర వెళ్ళి, అందులో పదిహేను రోజులు కరెంటు లేక ఇంటికొచ్చేసా. ఆ సంగతి బయోడేటాలో రాయరు కదా!

"అవును సార్" అన్నా.

"ఒకే రకం ప్రశ్నలు వద్దమ్మా. మల్టిపుల్ ఛాయిస్, ట్రూ ఆర్ ఫాల్స్, జతపరచడం, ఖాళీలు, ఒక వ్యాసం. అయిదు రకాలూ ఉండాలి. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టాలి."

నోళ్ళు వెళ్ళబెట్టారు లెండి. ఆ మాట మాత్రం నిలబెట్టా.

సాయంత్రం స్కూలు వదిలాక ల్యాబులో కూర్చున్నా. తోడుగా హిందీ టీచర్ పద్మజ. నాకంటే అయిదేళ్ళు సీనియర్, నాకంటే పదిరెట్లు అల్లరి. సాఫ్ట్‌వేర్ తెరిస్తే పైన సబ్జెక్టు పేరు అడిగింది. ముందు ఊరికే ప్రయత్నించి చూద్దాం, టెస్ట్ చేసి చూద్దాం అనుకుని 'టెస్ట్' అని కొట్టా. నా కొంప ముంచింది ఆ ఒక్క మాటేనండి.

"ఏం ప్రశ్న వేద్దామే?" అన్నా.

"ఎలాగూ తీసేసేదే కదా! ప్రిన్సిపాల్ గారి మీద వెయ్యి" అంది పద్మజ.

సరే, మల్టిపుల్ ఛాయిస్. ప్రిన్సిపాల్ గారు 'రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను' అన్నాక ఇంకా ఎంతసేపు మాట్లాడతారు? ఒకటి, అరగంట. రెండు, గంట. మూడు, వినేవాళ్ళు నిద్రపోయేదాకా. నాలుగు, పైవన్నీ. జవాబు పైవన్నీ!

ట్రూ ఆర్ ఫాల్స్. స్టాఫ్ రూములో ఫ్యాను తిరుగును. జవాబు ఫాల్స్.

జతపరచుము. లెక్కల మాస్టారు, సోషల్ మాస్టారు, ప్రిన్సిపాల్ గారు ఒకవైపు. కునుకు, గురక, అరుపు రెండోవైపు. గురక అన్న మాట పద్మజే కొట్టింది, నన్ను కుర్చీలోంచి పక్కకి తోసి మరీ.

ఖాళీ పూరింపుము. ప్రిన్సిపాల్ గారి స్కూటరు చప్పుడు డ్యాష్ చప్పుడు వలె ఉండును.

అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఇద్దరం కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకున్నాం. ఇక వ్యాసం ప్రశ్న మిగిలింది. అప్పటికే నా బస్సు టైమైపోతోంది. 'మన ప్రిన్సిపాల్ గారి గురించి నీకు తెలిసింది రాయుము' అని గబగబా కొట్టేసి, బ్యాగు తీసుకుని పరిగెత్తా.

తర్వాత వారం రోజులు కూర్చుని అసలు ప్రశ్నలు ఎక్కించా. జీర్ణకోశం, ఆకులు, వేర్లు అన్నీ అయిదు రకాలుగా ముత్యాల్లా పేర్చా. దానికి 'బయో సెవెన్' అని పేరు పెట్టా. పాతది తీసేద్దామని డిలీట్ నొక్కితే, మొత్తం పోతుంది, సరేనా అన్నట్టు ఏదో అడిగింది. ఏ మొత్తమో చెప్పలేదు! వారం కష్టం పోతే? భయమేసి మూసేసా. ఉంటే ఉంది, మూల పడి ఉంటుంది, ఎవరు చూడొచ్చారు అనుకున్నా.

పేరెంట్స్ మీటింగు శనివారం పొద్దున పది గంటలకి. ఆ రోజు కొత్త చీర కట్టుకుని బస్సెక్కా. చిల్లకల్లు దాటామో లేదో టైరు పంక్చర్! రోడ్డు పక్కన నిలబడి వాచీ చూసుకోవడం, వచ్చే ప్రతి బస్సుకీ చెయ్యూపడం. ఒక్కటీ ఆగలేదు. చివరికి ఆటోలో పన్నెండు మంది మధ్య నలిగి, నందిగామలో దిగి, స్కూలు గేటు దగ్గరికొచ్చేసరికి పదింబావు దాటింది.

గేటు దగ్గరికే నవ్వులు వినిపిస్తున్నాయి. ల్యాబులోంచి. పరీక్ష జరిగే గదిలోంచి నవ్వులేంటండీ?

గుమ్మంలో పద్మజ నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు రాకపోయేసరికి ఆయనే మొదలుపెట్టేశారే" అంది.

"పెడితే?"

"రెండు పేర్లు కనిపించాయట. బయో సెవెన్, టెస్ట్. ఇవాళ పెట్టేది టెస్టే కదా అని దాన్నే నొక్కేశారు!"

లోపలికి తొంగి చూసా. పన్నెండు మంది పిల్లలు కంప్యూటర్ల ముందు, వాళ్ళ వెనక అమ్మానాన్నలు, కిటికీల దగ్గర మిగతావాళ్ళు. ప్రిన్సిపాల్ గారు కంప్యూటర్ల వైపు వీపు పెట్టి, పేరెంట్స్‌కి ఉపన్యాసం ఇస్తున్నారు.

"టెక్నాలజీ గురించి నేను రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను..."

గది గదంతా భళ్ళున నవ్వింది. అందరి ఎదుటా స్క్రీన్ మీద ఆ ప్రశ్నే ఉంది మరి! ఆయనేమో తన మాటలకే నవ్వుతున్నారనుకుని, ఇంకా హుషారుగా చేతులు ఊపుతూ మాట్లాడేస్తున్నారు. ఆయన మాట్లాడే కొద్దీ వాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళు నవ్వే కొద్దీ ఆయన మాట్లాడుతున్నారు. పైగా రోజూ పదింటికి ఠంచనుగా పోయే కరెంటు, ఆ రోజు పోలేదండి! దేవుడా, ఒక్క అయిదు నిమిషాలు తీసెయ్యి అని మొక్కుకున్నా. బల్బు ఇంకా బాగా వెలిగింది.

అప్పుడు శ్రావణి లేచింది. క్లాస్ ఫస్ట్. డౌట్ వస్తే అడక్కుండా ఉండే పిల్ల కాదు.

"సార్, 'పైవన్నీ' అన్నిటికంటే పైన ఉంది సార్. దాని పైన ఏమీ లేవు. ఏం పెట్టాలి?"

నేను నాలుగో దాంట్లో పెట్టిన పైవన్నీని ఆ సాఫ్ట్‌వేర్ అటూ ఇటూ కలిపేసి ఆ పిల్లకి మొదట చూపించింది. జవాబులు కలిపేస్తుందని నాకేం తెలుసు?

"ఏ ప్రశ్నమ్మా?" అంటూ ప్రిన్సిపాల్ గారు వెనక్కి తిరిగారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. వంగి చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

శ్రావణి వాళ్ళ నాన్న నవ్వు బిగబట్టుకుంటూ, "సార్, దీనికి జవాబు మీరే చెప్పాలండీ" అన్నాడు.

ఆయన మెల్లగా, "అరగంట పెట్టమ్మా" అన్నారు.

శ్రావణి నొక్కింది. స్క్రీన్ మీద ఎర్రగా, ఇంత లావు అక్షరాలతో 'తప్పు' అని వచ్చింది. ఇక చూడండి! కిటికీ దగ్గరున్నవాళ్ళయితే చువ్వలు పట్టుకుని నవ్వారు.

ప్రిన్సిపాల్ గారు మిగతా పిల్లల వైపు కదిలారు. ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ వెళ్తున్నారు. ఫ్యాను చదివారు. గురక చదివారు. స్కూటరు ఖాళీలో ఒకరు ట్రాక్టర్ అని, ఒకరు పిండిమర అని రాసింది చదివారు. నేను మనసులో రాజీనామా లేఖ రాసుకుంటున్నా. చివరి వరసలో, చివరి కంప్యూటర్ దగ్గర ఆగిపోయారు.

అక్కడ కూర్చుంది ఎస్తేరు. మాటామంతీ లేని పిల్ల. వెనక వాళ్ళమ్మ, మిరప చేను పని మానుకుని వచ్చింది. ఎస్తేరు ముందు ప్రశ్నలన్నీ వదిలేసి వ్యాసం ఒక్కటే రాసింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది.

"ఏం రాసింది సార్ మా పిల్ల? నాకు చదువు రాదు" అందామె.

ఆయన గుమ్మం వైపు తిరిగారు. నన్ను చూసి, "మీరు చదవండి మేడం" అన్నారు. వెళ్ళి చదివా.

"మా అమ్మ చేను నుంచి రావడం లేటయితే సార్ ఇంటికి వెళ్ళరు. గేటు దగ్గర నాతో కూర్చుంటారు. లెక్కలు చెప్తారు. నాకు లెక్కలు అక్కడే అర్థం అవుతాయి. చీకటి పడితే స్కూటర్ మీద దింపుతారు. ఆ చప్పుడు వింటే మా అమ్మకి నేనొస్తున్నానని తెలుస్తుంది."

ఎస్తేరు వాళ్ళమ్మ, "నిజమేనండీ, మా వీధి చివరికే వినపడుద్ది" అంది. ఈసారి నవ్వినవాళ్ళు కూడా మెల్లగా నవ్వారు. ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వేలితో స్క్రీన్ మీద చూపిస్తూ, "స్కూటర్ స్పెల్లింగ్ తప్పమ్మా, దిద్దుకో" అన్నారు.

మీటింగ్ అయ్యాక ఆఫీసులోకి పిలిచారు. వెళ్ళి నిలబడ్డా.

"స్టాఫ్ రూములో ఫ్యాను తిరగదా?"

"తిరగదు సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను చేరినప్పటి నుంచీ సార్."

"మరి నాకు చెప్పాలి కదమ్మా!"

"మీటింగులో చెప్దామనుకున్నాం సార్. మీరు మాట్లాడుతూనే..." అని నాలుక కరుచుకున్నా.

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "ఇవన్నీ మీరొక్కరే రాశారా?"

"నేనొక్కదాన్నే సార్."

తలుపు చాటు నుంచి పద్మజ తల బయటపెట్టింది. "గురక నాది సార్."

తిడతారేమోనని చూస్తున్నా. తిట్టలేదు.

"ప్రశ్నలు ఎక్కించడం నేనూ నేర్చుకుంటా. వచ్చే శనివారం ఏడో తరగతి పిల్లలతో కలిసి నేనొక టెస్ట్ తయారుచేస్తా. అయిదు రకాలూ ఉంటాయి. సబ్జెక్టు, సునీత మేడం. రాసేది మీరే. మేమంతా వెనక నిలబడి చూస్తాం."

అన్నట్టే చేశారు! ఆ శనివారం నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే నా వెనక క్లాసు మొత్తం. నా గురించి నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది అని ధైర్యంగా మొదలుపెట్టా.

సునీత మిస్ 'ఒక్క నిమిషంలో వదిలేస్తా' అంటే ఎంతసేపు? 'ఒక నిమిషం' నొక్కా. తప్పు. 'తర్వాతి పీరియడ్ సారు వచ్చి దగ్గేదాకా' అట! సునీత మిస్ బోర్డు మీద వేసిన కప్ప బొమ్మ కప్పలాగే ఉండును. ట్రూ పెట్టా. తప్పు. జతపరచడంలో నా మూడు చీరలకీ, నా మూడు రకాల కోపాలకీ జత ఉందని ఆ రోజే తెలిసింది. ఆకుపచ్చ చీర కట్టుకొస్తే పిల్లలు హోంవర్క్ చేసుకొస్తారట. అదీ తప్పే!

ఇక ఖాళీ పూరింపుము. 'మన బయాలజీ మిస్ పేరు డ్యాష్.' హమ్మయ్య! పిల్లలు జాలిపడి ఒక మార్కు వదిలేశారు అనుకున్నా. మా నాన్న నా పదో తరగతి సర్టిఫికెట్‌లో రాయించినట్టు ఇంగ్లీషులో రెండు 'ఈ'లు పెట్టి, గర్వంగా కొట్టి, ఎంటర్ నొక్కా.

తప్పు!

పిల్లలు ఒక్క 'ఐ' పెట్టారండి. మెషీను అదే పట్టుకు కూర్చుంది. వెనక నుంచి ప్రిన్సిపాల్ గారి గొంతు వినిపించింది. "కనీసం ఇదైనా వస్తుందనుకున్నానమ్మా."

జూన్‌లో పర్మనెంట్ ఆర్డర్ ఇచ్చారు. విప్పి చూస్తే నా పేరులో ఒకే 'ఐ' ఉంది. సార్, స్పెల్లింగ్ మార్చండి అని అడగడానికి ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళా. మళ్ళీ పరీక్ష పెడతారేమోనని భయమేసి, థాంక్స్ చెప్పి వచ్చేసా.